0.4లో ఎంత కష్టం పడుతుంది?

పదో తరగతి రిజల్ట్స్ రాగానే మన కోనసీమ ఊళ్లలో తరచూ వినబడే ప్రశ్న: "ట్రిపుల్ ఐటీకి అప్లై చేశావా?" 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో మొదలైన ఆర్జీయూకేటీ సంగతే ఇది. పల్లెటూరి పిల్లల కోసం పెట్టిన ఆరేళ్ల ఇంటిగ్రేటెడ్ బీటెక్. మామూలుగా ఎంట్రన్స్ ఉండదు, పదో తరగతి ఫలితమే ఆధారం.

అందులో రిజర్వేషన్లతో సంబంధం లేకుండా ఇంకో లెక్క ఉంది. పేరు డిప్రివేషన్ స్కోర్. టెన్త్‌లో గ్రేడ్లు ఉన్న రోజుల్లో, హాస్టల్ లేని ప్రభుత్వ బడుల్లో చదివినవాళ్ల జీపీఏకి 0.4 కలిపేవారు.

0.4 అంటే ఎంతో చూద్దాం. సబ్జెక్టులు ఆరు. రెండింట్లో ఒక్కో గ్రేడ్ తగ్గితే 58/6, అంటే 9.7. దానికి 0.4 కలిపితే 10.1. ప్రైవేటు స్కూల్లో 10 తెచ్చుకున్నవాళ్లని దాటేసినట్టే. మూడింట్లో తగ్గితే 9.5 ప్లస్ 0.4, 9.9. దాటలేదు. అంటే ఈ స్కోరు రెండు తడబాట్లని సర్దుతుంది, మూడోదాన్ని సర్దదు.

మరి ఎవరి కష్టం ఇందులో పడుతుంది? వరదల టైంలో పి.గన్నవరం వైపు లంక ఊళ్ల పిల్లలు పడవెక్కి బడికెళ్లాలి. అమలాపురంలో ఇంటి పక్క ప్రభుత్వ హైస్కూలుకి నడిచెళ్లే పిల్లాడికీ వాళ్లకీ అదే 0.4. కొబ్బరి దింపు తీసే నాన్న అప్పు చేసి ప్రైవేటు స్కూల్లో వేస్తే సున్నా. గురుకులంలో చదివిన కూలీ ఇంటి అమ్మాయికీ సున్నాయే.

పోనీ ప్రాంతాన్ని బట్టి ఇద్దామా? ఢిల్లీ జేఎన్‌యూలో అలాగే చేశారు. సెన్సస్ లెక్కలతో వెనకబడిన జిల్లాలని గుర్తించి, అక్కడివాళ్లకి అదనపు పాయింట్లు ఇచ్చారు. కానీ జిల్లా సగటు తీస్తే కాలవ కింద పచ్చని పొలాల మధ్య లంక ఊరు కనబడకుండా పోతుంది. అమెరికాలో కాలేజ్ బోర్డ్ 2019లో బడి, పరిసరాల వివరాలన్నీ కలిపి 1 నుంచి 100 లోపు ఒకే అంకె చేయబోయింది. విమర్శలొచ్చి అదే ఏడాది ఆ అంకెని వదిలేసింది.

0.4కి ఒక బలం ఉంది: బడి రికార్డు చూస్తే చాలు, దొంగ సర్టిఫికెట్ పనిచేయదు. అందుకే దాన్ని తీసేయమనను. తనిఖీ చేయగలిగినదే ఇంకొకటి జతచేయొచ్చు. ఇంట్లో మొదటి గ్రాడ్యుయేట్ అయ్యేవాళ్లకి తమిళనాడులో సర్టిఫికెట్ చూసి ఇంజనీరింగ్ ట్యూషన్ ఫీజు రాయితీ ఇస్తున్నారు. ఆ ఒక్క ప్రశ్న మన అప్లికేషన్లో ఉంటే దింపు కార్మికుడి కొడుకూ, గురుకులం అమ్మాయీ లెక్కలోకి వస్తారు.

లంక పిల్లలు పోగొట్టుకున్న బడి రోజుల్ని మాత్రం ఏ పాయింటూ తిరిగివ్వదు. వాళ్లకి కావాల్సింది వంతెన.