ముఖాలను చూసి బెదిరే మనసు

డాక్టరుగారు పలకరిస్తే తల వంచుకునే అమ్మాయి, చుట్టాలు రాగానే గదిలోకి వెళ్లి తలుపు వేసుకునే అబ్బాయి మీ ఇంట్లో ఉన్నారా? "పొగరు", "మొండితనం" అనేముందు ఈ పేజీ చదవండి.

నలుగురిలో కాస్త బెరుకు అందరికీ ఉంటుంది. అయితే ఎదుటివారు తప్పుపడతారేమో, నవ్వుతారేమో అనే భయం నెలల తరబడి ఉండి, చదువుకూ పనికీ అడ్డు వస్తుంటే అది జబ్బే. దీనిని సోషల్ యాంగ్జయిటీ అంటారు.

ఏ ముఖం ముందు కనబడుతుంది?

2004లో ప్రచురితమైన ఒక పరిశోధనలో ఈ జబ్బు ఉన్నవారికి కంప్యూటర్ తెరపై రెండేసి ముఖాలను పక్కపక్కన అర సెకను చూపించారు. ముఖాలు పోగానే ఒకదాని స్థానంలో చిన్న గుర్తు వస్తుంది. వెంటనే మీట నొక్కాలి. కోపపు ముఖం ఉన్నచోట గుర్తు వస్తే వారు త్వరగా నొక్కారు. అంటే వారి ధ్యాస అప్పటికే అటు వెళ్లింది. ముఖాలను సెకనుకు పైగా చూపినప్పుడు ఈ తేడా కనబడలేదు.

అందరిలోనూ ఇది ఒకేలా ఉండదు. చాలామంది వెంటనే చూపు తిప్పుకుంటారు. వణికే చేతులు, చెమట, తడబడే మాట మీదకే ధ్యాస పోతుంది. ఆ తర్వాత ఎదుటివారు నవ్వినా గమనించరు. "నన్ను చూసి విసుక్కున్నారు" అనే తలంపే మిగిలిపోతుంది. చివరకు ఆసుపత్రికి రావడానికి కూడా భయపడతారు.

మీరు చేయగలిగినవి

1. "తలెత్తి చూడు, నోరు విప్పు" అని నలుగురిలో గద్దించకండి.

2. మీ అలసటను వారు కోపమనుకోవచ్చు. "నీమీద కోపం లేదు, రాత్రి నిద్ర లేదు" అని నోటితో చెప్పండి.

3. ప్రతిచోటా వారి బదులు మీరే మాట్లాడకండి. మందుల కౌంటరులో ఒక్క ప్రశ్న వారినే అడగనివ్వండి. మీరు పక్కన నిలబడితే చాలు.

4. తర్వాత నెమ్మదిగా అడగండి: "ఆమె ముఖం చిట్లించింది సరే, జవాబు చెప్పిందా? ఎలా చెప్పింది?" చూడకుండా వదిలేసినది అప్పుడు గుర్తుకు వస్తుంది.

చికిత్స ఉంది

ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పే కౌన్సెలింగ్‌తో చాలామందికి మేలు జరుగుతుంది. కొందరికి మాత్రలు కూడా అవసరమవుతాయి. డాక్టరును అడగకుండా వాటిని మానకూడదు. ధైర్యం కోసం మద్యం అలవాటైతే దాచకుండా చెప్పండి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. చనిపోవాలనే మాట వారి నోట వస్తే ఒంటరిగా వదలక వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

వారు ఎక్కువగా చూసేది మీ ముఖాన్నే. అక్కడ ఓర్పు కనబడనివ్వండి.