చెక్క దుమ్ము - రేకు గొట్టాలు



మన హాస్టల్లో చదివి ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ దారిలో వెళ్ళినవాళ్ళు చాలామంది ఉన్నారు. వడ్రంగం, ఫర్నిచర్ పని, సామిల్లు కూలి మీద బతికే కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళూ ఉన్నారు. మా నాన్న కూడా ఒక ఫర్నిచర్ కార్ఖానాలో పనిచేస్తారు. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాణ్ణి నేను. ఎం.టెక్.లో చదివిన దాంట్లో నాన్నకు ఉపయోగపడేది ఏముందని ఆలోచిస్తే మొదట తట్టింది ఈ విషయమే. కార్ఖానాలో దుమ్ము పీల్చే యంత్రానికి రేకు గొట్టాలు ఎలా కలపాలి?

ఎందుకింత పట్టింపు?

చెక్క కోసేటప్పుడు రాలే పొట్టు కంటికి కనిపిస్తుంది, ఊడ్చేస్తాం. అసలు చిక్కు కంటికి ఆనని సన్నపొడితోనే. మిల్లీమీటరులో నూరోవంతు కంటే చిన్న రేణువులు చాలాసేపు గాలిలో తేలుతూ, ఊపిరితో పాటు లోపలికి పోతాయి. మూతికి తువ్వాలు కట్టుకున్నంత మాత్రాన అవి ఆగవు. దగ్గు, ఆయాసం, ఉబ్బసం ఇలాగే మొదలవుతాయి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో చెక్క దుమ్మును మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థంగా ప్రకటించింది. ముఖ్యంగా ముక్కు, సైనస్ భాగాలకు ఆ ముప్పు ఉంది.

దుమ్మును అది పుట్టే చోటికి వీలైనంత దగ్గరగానే పీల్చాలని 1948లో చేసిన ఫ్యాక్టరీల చట్టం 14వ సెక్షన్‌లోనే రాశారు. అంటే ఈ మాట కొత్తది కాదు, ఆచరణే కొరత.

యంత్రం ఉన్నా దుమ్ము ఎందుకు పోదు?

నేను చూసిన ఒక కార్ఖానాలో డస్ట్ కలెక్టర్ కొన్నారు. కొన్నాళ్ళకు "ఇది లాగడం లేదు" అని స్విచ్ తీసేసి మూలకు నెట్టారు. యంత్రంలో లోపం లేదు. యంత్రానికీ మిషన్లకూ మధ్య పొడవాటి, మెలికలు తిరిగిన ముడతల పైపు వేశారు. గాలి బలమంతా ఆ ముడతల రాపిడికే ఖర్చయిపోయింది. యంత్రానికి పెట్టిన డబ్బు కార్మికుడి ఊపిరికి చేరాలంటే మధ్యలోని గొట్టం, దాని అతుకులు సరిగా ఉండాలి. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

కొంచెం లెక్క

ఇంటర్మీడియట్ ఫిజిక్సులో చదివినదే. గొట్టం వైశాల్యాన్ని గాలి వేగంతో గుణిస్తే నిమిషానికి పోయే గాలి పరిమాణం వస్తుంది. చెక్కపొట్టు కింద పడిపోకుండా కొట్టుకుపోవాలంటే గాలి నిమిషానికి 3500 నుంచి 4000 అడుగుల వేగంతో, అంటే సెకనుకు 18 నుంచి 20 మీటర్ల వేగంతో పోవాలి.

4 అంగుళాల గొట్టంలో 4000 అడుగుల వేగం రావాలంటే నిమిషానికి సుమారు 350 ఘనపుటడుగుల గాలి కావాలి. 6 అంగుళాల గొట్టానికైతే 785 కావాలి. ఇప్పుడు మెయిన్ గొట్టం 6 అంగుళాలు, మిషన్లకు పోయే కొమ్మలు 4 అంగుళాలు అనుకుందాం. ఒక్క కొమ్మ గేటే తెరిచి 350 ఘనపుటడుగులు లాగితే మెయిన్ గొట్టంలో వేగం 1800 అడుగుల లోపుకు పడిపోతుంది. పొట్టు అడుగున పేరుకుంటుంది. రెండు గేట్లు తెరిస్తే 3500 దాటుతుంది. కాబట్టి "పెద్ద గొట్టం వేస్తే మంచిదే" అనుకోకూడదు. ఫ్యాను ఎంత లాగుతుందో, ఒకేసారి ఎన్ని మిషన్లు నడుస్తాయో చూసి సైజు నిర్ణయించాలి.

బిగించే పద్ధతి

1. కొలత: రేకు కొనకముందే కలెక్టర్ మూతి చుట్టూ దారం చుట్టి, ఆ పొడవును 3.14తో భాగించాలి. అదే బయటి వ్యాసం. "ఆరు అంగుళాల పైపు" అని నోటిమాటగా చెబితే తెచ్చాక సరిపోకపోవచ్చు.

2. రేకు మందం: గేజి నంబరు పెరిగేకొద్దీ రేకు పలచన. పలుచని 30 గేజి రేకు, గేట్లన్నీ మూసినప్పుడు పీల్పుకు లోపలికి నలిగిపోవచ్చు. చిన్న కార్ఖానాకు 24 లేదా 26 గేజి జి.ఐ. రేకు మేలు.

3. అతుకు దిశ: వాననీళ్ళ గొట్టంలో పై ముక్క కొస కింది ముక్క లోపలికి దిగుతుంది. ఇక్కడా అంతే. ముడిచిన సన్న కొస గాలి పోయే వైపుకు, అంటే కలెక్టర్ వైపుకు ఉండాలి. తిరగేస్తే లోపలి అంచుకు పొట్టు తట్టుకుని పేరుకుంటుంది. నిలువు అతుకు గీత గొట్టం పైభాగాన ఉండాలి.

4. మలుపులు: కొమ్మను మెయిన్ గొట్టానికి నిటారుగా కలపకూడదు. 30 లేదా 45 డిగ్రీల వాలుతో వై జాయింటు వేయాలి. బెండు వంపు వ్యాసార్ధం గొట్టం వ్యాసానికి ఒకటిన్నర రెట్లయినా ఉండాలి. 6 అంగుళాల గొట్టానికి 9 అంగుళాలన్నమాట.

5. బిగింపు: అతుకుకు మూడు పాప్ రివెట్లు వేసి, చుట్టూ సిలికాన్ లేదా అల్యూమినియం టేపు పెట్టాలి. పొడవాటి స్క్రూలు వేస్తే వాటి మొనలు లోపలికి పొడుచుకొచ్చి చిత్రిక పొట్టును పట్టేస్తాయి.

6. కలెక్టర్ దగ్గర: అదురు గొట్టానికి పాకకుండా చివర అడుగు లోపు ముడతల పైపు ముక్క వేసి రెండు వైపులా క్లాంపులు బిగించాలి. మిషన్ల దగ్గరా ముడతల పైపు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది.

7. పరీక్ష: ఫ్యాను వేసి ప్రతి అతుకు దగ్గర పలుచని కాగితం పట్టండి. కాగితం అతుక్కుంటే అక్కడ గాలి కారుతోందన్నమాట. అగరుబత్తి మాత్రం వాడకండి, ఆ చోట నిప్పు పనికిరాదు.

నిప్పు జాగ్రత్త

సన్నని చెక్కపొడి గాలిలో దట్టంగా కలిసినప్పుడు నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. పొడి గొట్టంలో రాసుకుంటూ పోయేటప్పుడు స్థిర విద్యుత్తు పుడుతుంది. రేకు గొట్టాన్ని సరిగా ఎర్త్ చేస్తే అది భూమిలోకి పోతుంది. కానీ సిలికాన్, రబ్బరు ఉన్నచోట ఆ దారి తెగిపోవచ్చు. అందుకే ముడతల పైపులోని చుట్టల తీగను రెండు కొసలా బయటికి తీసి రేకుకు కలపాలి. మొదటి నుంచి చివరిదాకా కలిసిందో లేదో మల్టీమీటరుతో చూడాలి. మేకులు ఈ గొట్టంలోకి ఊడ్చకూడదు. ఇనుము గ్రైండింగ్ మిషన్‌ను ఇదే లైనుకు ఎప్పుడూ కలపకూడదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఇందులో పెద్ద చదువేమీ లేదు. ఇంటర్ ఫిజిక్సు, దారం, మల్టీమీటరు, కొంచెం ఓపిక చాలు. ఈసారి సెలవులకు వెళ్ళినప్పుడు మీ నాన్నో, మామయ్యో పనిచేసే చోట కలెక్టర్ ఉంటే ఒక్కసారి దాని అతుకుల దగ్గర కాగితం పట్టి చూడండి. కలెక్టర్ లేకపోతే ఎందుకు లేదని మర్యాదగానే అడగండి. మనవాళ్ళు తమ ఊపిరి అరగదీసుకుని మనల్ని చదివించారు. ఆ చదువు ముందుగా వాళ్ళ ఊపిరికే అక్కరకు రావాలి.