కాసు అను మాట

చదువవలసిన భాగములు: మత్తయి 5:26, 10:29, మార్కు 12:41-44, లూకా 12:6



గత మాసము ఆరాధన ముగిసిన పిమ్మట ఒక అవ్వ పది రూపాయల నాణెము చేతబట్టుకొని వచ్చి, "అయ్యగారూ, దుకాణంల తీస్కుంటలేరు. దేవుని పెట్టెల ఇది చెల్లుతదా?" అని అడిగెను. 14 నమూనాల పది రూపాయల నాణెములన్నియు చెల్లునని 2018లో రిజర్వు బ్యాంకు ప్రకటించినదని చెప్పితిని. అయినను ఆ ప్రశ్న నన్ను విడువలేదు.

కాసు అనునది తెలుగు, తమిళ, కన్నడములలోని పాత మాట. ఇది సంస్కృతమందలి 'కర్షము' అను తూనిక పేరునుండి వచ్చినదని కొందరు పండితులు తలంతురు. పోర్చుగీసువారి మూలముగా ఆంగ్లేయులు దీనిని విని, మన చిన్న నాణెమును 'క్యాష్' అనిరి. రొక్కమును తెలుపు 'క్యాష్' వేరు. అది పెట్టె అను అర్థముగల మాటనుండి పుట్టినది. చెన్నపట్టణపు పాత లెక్కలో 80 కాసులు ఒక ఫణము, 42 ఫణములు ఒక వరహా. అనగా వరహాకు 3360 కాసులు. అయినను కాసులపేరులోని కాసు బంగారమే!

మన తెలుగు బైబిలులో ఈ ఒక్క మాట మూడు నాణెములకు నిలిచినది. దేనారమునకు 16 అస్సారియోనులు, అస్సారియోనుకు 4 కొద్రాంతేసులు, కొద్రాంతేసుకు 2 లెప్తోనులు. 1957 ఏప్రిల్ 1కి ముందు మన రూపాయికి 16 అణాలు, అణాకు 4 పైసలు. అదే లెక్క గదా! దేనారము ఒక దినపు కూలి. విధవరాలి రెండు లెప్తోనులు అందులో 64వ వంతు మాత్రమే.

పిచ్చుకల సంగతి చూడుడి. మత్తయిలో ఒక కాసుకు రెండు; లూకాలో రెండు కాసులకు అయిదు. నాలుగే రావలెను, అయిదవది కొసరు. వెలలేని ఆ కొసరు పిచ్చుకను సహితము దేవుడు మరువడు.

2008లో విమానాశ్రయము తెరచిన తరువాత మన మామిడిపల్లి ప్రాంతమున భూముల వెల మిక్కిలి పెరిగినది. కాసు మాట మరచి కోట్ల మాట నేర్చితిమి. నేనును పెద్ద కానుకలవారి పేర్లు చదివి, మిగిలినవారిని 'ఇతరులు' అని ఒక్క మాటతో ముగించుచుంటిని. కానుకపెట్టె యెదుట కూర్చుండిన ప్రభువు చూపించినది ఆ 'ఇతరుల'లో ఒకతెనే గదా! అవ్వ ప్రశ్న నా తప్పును నాకు తెలిపినది. పేర్లు చదువుట మానితిని.

సంతలో కొసరు అడుగునప్పుడెల్ల అయిదవ పిచ్చుకను జ్ఞాపకము చేసికొనుడి. ప్రభువు చూచు చూపును మనకును దయచేయును గాక. ఆమేన్.