యాత్రయందు ఆహారశుద్ధి

తీర్థయాత్ర నిశ్చయమైన దినమున గృహస్థుడు రైలు వేళలను విచారించును; గృహిణి చింతపండు నానవేయును. ఈ రెండవ పనియు యాత్రకు అంగమే యని మన పెద్దల మతము. దానికి శాస్త్రాధారమేమి, నేటి యాత్రికులు దానిని ఎట్లు పాటింపవలెను అను విషయమును సింహాచల యాత్రను ఉదాహరణముగా గైకొని విచారింతము.

భక్తి సిద్ధించుటకు వాక్యకారుడు చెప్పిన సాధనములు ఏడు. అవి వివేకము, విమోకము, అభ్యాసము, క్రియ, కల్యాణము, అనవసాదము, అనుద్ధర్షము. వీనిని భగవద్రామానుజులు శ్రీభాష్యమున గ్రహించిరి. ఇందు మొదటిదగు వివేకమనగా దోషరహితమైన అన్నముచే కలుగు దేహశుద్ధి. భక్తిసోపానమునకు తొలిమెట్టు వంటయింటనే యున్నదన్నమాట.

అన్నదోషములు మూడు. ఉల్లి, వెల్లుల్లి మున్నగు వానికి స్వభావసిద్ధముగా నుండునది జాతిదోషము. వెంట్రుక పడుట, ఎంగిలి తగులుట వంటి కారణములచే వచ్చునది నిమిత్తదోషము. అన్నము ఎవరిదో వారి వలన సంక్రమించునది ఆశ్రయదోషము.

ఇక యాత్రికునకు మరియొక సందేహము కలుగును. వండి జాము గడచిన అన్నమును గీత పదునేడవ అధ్యాయము తామసాహారములలో చేర్చినది. అట్లయిన మూటగట్టుకొని పోవు అన్నము మాట యేమి? మనుస్మృతి ఐదవ అధ్యాయము దీనికి సమాధానము చెప్పుచున్నది. నేయి, నూనె వంటి స్నేహద్రవ్యముతో కూడినది నిలువయున్నను భుజింపదగును. హవిశ్శేషమును అట్టిదే. పులిసిన పదార్థములలో పెరుగునకు నిషేధము లేదు. మన గృహిణులు ఈ వచనములు చదువకయే పులిహోరను, దధ్యోదనమును యాత్రాహారముగా నిర్ణయించిరి.

పులిహోరకు అన్నమును పొడిపొడిగా వార్చి, పళ్లెమున పరచి, పసుపును నువ్వులనూనెను కలిపి పూర్తిగా చల్లారనీయవలెను. చింతపండు పులుసును నూనె తేలువరకు ఉడికించి, ఇంగువ పోపుతో కలుపవలెను. వేడి యుండగా మూటగట్టినచో ఆవిరి చెమ్మ పట్టి అన్నము చెడును. దధ్యోదనమునకు మెత్తని అన్నములో కాచి చల్లార్చిన పాలు మిక్కిలిగా పోసి, పెరుగు కొంచెముగా తోడు వేయవలెను. అది ప్రయాణములోనే తోడుకొని మధ్యాహ్నమునకు కమ్మగా నుండును. మొదటనే పెరుగు నిండుగా కలిపినచో వైశాఖపు ఎండకు పులిసిపోవును. అక్షయతృతీయనాడు చందనోత్సవమున స్వామి నిజరూపదర్శనమునకై నిలుచువారికి ఈ సూక్ష్మము ఉపకరించును.

ఆషాఢ పౌర్ణమికి ముందునాడు ఆరంభమగు గిరిప్రదక్షిణము దాదాపు 32 కిలోమీటర్ల నడక. కొండదిగువ తొలిపావంచా యొద్ద కొబ్బరికాయ కొట్టి, అడివివరము, హనుమంతవాక, సాగరతీరము, సీతమ్మధార, మాధవధార, గోపాలపట్నముల మీదుగా భక్తులు రేయెల్ల నడతురు. 1933లో తెరువబడిన నౌకాశ్రయమును, 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారమును నమ్ముకొని వచ్చిన నానాప్రాంతముల కుటుంబములు త్రోవపొడుగునను మజ్జిగ, పండ్లు, ప్రసాదములు పంచుచుందురు.

కొన్నేండ్ల క్రిందట ఆ త్రోవలో నేనొక తప్పు చేసితిని. మాధవధార చేరునప్పటికి నా కాళ్లు తడబడుచుండెను. ఉక్కు కర్మాగారమున పనిచేయు నొకాయన భార్యాబిడ్డలతో నిలిచి మజ్జిగ అందించెను. ఆశ్రయదోషమును స్మరించి నేను చేయి వెనుకకు తీసికొంటిని. ఆయన మారుమాటాడలేదు, గ్లాసు పట్టుకొన్న చిన్నపిల్ల మాత్రము తండ్రి ముఖము చూచెను. మేము దూరముగా కూర్చుండి పులిహోర మూట విప్పితిమి. నా భార్య మెల్లగా, "మీరు చెప్పు పాఠములలో విదురుని యిల్లు లేదాండీ?" అనెను.

నాకు ముద్ద దిగలేదు. శ్రీకృష్ణుడు హస్తినకు రాయబారియై వచ్చినపుడు దుర్యోధనుని రాజభోజనమును కాదని, దాసీపుత్రుడగు విదురుని యింట భుజించెను. ఈ కథను ఉద్యోగపర్వమున నేను ముప్పది యేండ్లు బోధించితిని. ఆశ్రయమును పుట్టుకగా మాత్రమే చదివితిని. ఇచ్చువాని ఆర్జనను, హృదయమును చూడనైతిని. చెమటోడ్చి సంపాదించి, స్వామి పేర పంచువాని మజ్జిగలో దోషమెక్కడిది? దోషము నా చూపునందున్నది. మేమిద్దరమును వెనుకకు పోయి, మా పులిహోరలో సగము అడ్డాకులో ఆ బిడ్డల కిచ్చి, ఆ మజ్జిగను పుచ్చుకొంటిమి. తక్కిన దూరము నడచుటకు నాకు బలము చాలినది.

కావున యాత్రికులకు మనవి. ఇంట శుచిగా వండుడు. స్వామికి నివేదించి మూటగట్టుడు. మీకు కావలసినదానికంటె నలుగురికి ఎక్కువగా వండుడు. త్రోవలో ప్రేమతో ఇచ్చినదానిని తిరస్కరింపకుడు. తిరిగి వచ్చునపుడు కొండమీద పండిన అనాసయో, పనసయో తెచ్చి, ప్రసాదముతోపాటు ఇరుగుపొరుగులకు పంచిన పిదపనే మీరు భుజింపుడు. పంచగా మిగిలినదే శేషము. సింహాద్రినాథుడు మన అన్నమును, మన చూపును శుద్ధి చేయుగాక.