మొక్కు ముందా, పాప ఫీజు ముందా?

సమస్య

మాది మలికిపురం దగ్గర పల్లె. మావారు కొబ్బరి దింపు పనికి వెళ్తారు. నేను కువైట్‌లో ఇంటిపని చేసి నిరుడు వచ్చేశాను. అప్పులు తీరగా మూడు లక్షలు మిగిలింది. అది మా పాప చదువుకని దాచింది. ఈ ఏడు దానికి రాజమండ్రిలో బీఎస్సీ నర్సింగ్ సీటు వచ్చింది.

నేను కువైట్‌లో ఉండగా మావారు చెట్టు మీంచి పడ్డారు. నడుం దెబ్బతింది. ఫోన్‌లో మా పాస్టరు అయ్యగారితో ప్రార్థన చేయించుకుని, ఆయన లేచి నడిస్తే మందిరం శ్లాబుకి కానుక ఇస్తానని మొక్కుకున్నాను. ప్రభువు దయ చూపాడు. ఊరొచ్చాక సాక్ష్యంలోనూ అదే చెప్పాను, ఎంతని చెప్పలేదు. ఇప్పుడు అయ్యగారు మూడు లక్షలూ ఇమ్మంటున్నారు. అబ్రాహాము కొడుకునే ఇవ్వబోయాడు, నీకు డబ్బు బరువైందా అంటారు. కొంత దాచుకుంటే అననీయ సప్పీరాలకు ఏమైందో చదువుకోమన్నారు. ఆదివారం అందరి ముందూ ‘విశ్వాసం చాలనివాళ్లు’ అంటుంటే తలెత్తుకోలేకపోతున్నాను. మావారు ఇవ్వొద్దంటారు. ఇవ్వకపోతే ఆయనకి మళ్లీ ఏమవుతుందోనని నా భయం. నేను దేవుణ్ణి మోసం చేస్తున్నానా?

– ఒక సోదరి

సలహా

చెల్లెమ్మా, మీరు ఎవర్నీ మోసం చేయడం లేదు.

అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయం మీరే తెరిచి నెమ్మదిగా చదవండి. పొలం అమ్మకముందు అననీయదే, అమ్మాక ఆ సొమ్ము కూడా అతని ఇష్టమే అని పేతురే అతనితో అంటాడు. కొంత దాచి, మొత్తం తెచ్చామని చెప్పిన అబద్ధం ఆ దంపతుల ప్రాణం మీదికి తెచ్చింది. మీరు అబద్ధం ఎక్కడ చెప్పారు? ఈ డబ్బు పాప చదువుకని మొదటి నుంచీ చెబుతూనే ఉన్నారు.

ఇక అబ్రాహాము. ఆదికాండము 22లో ఆ బలి అడిగింది దేవుడు, కత్తి ఎత్తిన చేతిని ఆపిందీ ఆయనే. పొట్టేలు దొరికింది, పిల్లవాడు బతికాడు. బిడ్డ భవిష్యత్తు తెచ్చి బలిపీఠం మీద పెట్టమని మరో మనిషి అడగడానికి ఆ కథలో చోటు లేదు. తల్లిదండ్రులకు చెందాల్సింది కొర్బాను అని చెప్పి దేవుడి పేర రాసేసేవాళ్లను యేసు ఎంత గట్టిగా మందలించాడో మార్కు 7లో ఉంది. కన్నవాళ్ల విషయంలో తప్పైనది కన్నబిడ్డ విషయంలో ఒప్పెలా అవుతుంది?

మొక్కు మాత్రం తీర్చండి. మీరు మనస్ఫూర్తిగా అన్న మాట అది, తీరిస్తేనే మీకూ మనశ్శాంతి. కానీ ఎంతో మీరు అనలేదు. లేవీయకాండము 27లో, మొక్కుకున్నవాడు పేదవాడైతే యాజకుడు అతని స్థోమత చూసి వెల కట్టాలని ఉంది. పేదవాడి మొక్కును పెంచమని ఎక్కడా లేదు.

సమర్పణ మాటకొస్తే, మీ సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే వచ్చే నరసాపురంలోనే, దాదాపు రెండు వందల ఏళ్ల కిందట, గోదావరి డెల్టా మిషను వేళ్లూనింది. దాన్ని నిలబెట్టిన విలియం బౌడెన్, జార్జి బీర్‌లను 1836లో భార్యలతో సహా మన దేశానికి తీసుకొచ్చింది ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్. ఇంగ్లండులో ఆయన బాగా గడిస్తున్న పళ్ల డాక్టరు. ఉన్నదంతా ప్రభువుకి సమర్పించాలని 1825లో ఒక చిన్న పుస్తకం రాశాడు. రాసి ఊరుకోలేదు, రాబడి వదులుకుని 1829లో బాగ్దాదుకు బయలుదేరాడు. అక్కడ ప్లేగులో భార్యను పోగొట్టుకున్నాడు. తర్వాత చిత్తూరులో సేద్యం చేయించి బతుకు వెళ్లదీశాడు. సమర్పణ గురించి అంతలా చెప్పినవాడు ముందు విడిచిపెట్టింది తన సొమ్మును. ఇలాంటివాళ్లు తెచ్చిన సువార్త మీ లంకల్లో పాతుకుందంటే నాకు ఆశ్చర్యం లేదు. పరాయి ఇంట్లో ఏళ్ల తరబడి గిన్నెలు తోమి బిడ్డను నర్సును చేయాలనుకోవడం కూడా సమర్పణే అని నేను నమ్ముతాను. మీ విశ్వాసం చాలదనే హక్కు ఎవరికీ లేదు.

మీవారి నడుం గురించిన భయం కూడా వదిలేయండి. నయం చేసిన దేవుడు వాయిదా కట్టలేదని జబ్బు తిరిగి పంపడు. నొప్పి మళ్లీ వస్తే ఎముకల డాక్టరుకు చూపించండి, దాన్ని కానుకతో ముడిపెట్టుకోకండి.

మీరిద్దరూ కూర్చుని, ఇల్లు ఇబ్బంది పడకుండా ఎంత ఇవ్వగలరో అనుకోండి. అయిదు వేలైనా అది నిండు కానుకే. ఒంటరిగా వెళ్లకండి. మీవారితో కలిసి, సంఘ పెద్దల సమక్షంలో ఇచ్చి రసీదు తీసుకోండి. ‘ఇది మా మొక్కు, ఇంతటితో తీరింది’ అని అక్కడే చెప్పండి. ఆ తర్వాత కూడా ఆదివారం ఆరాధనలో మిమ్మల్ని ఎత్తిపొడిస్తే, మరో సంఘంలో ఆరాధించుకోవడం తప్పు కాదు.

ఇవన్నీ తర్వాత. పాప కాలేజీ ఫీజు గడువు దాటకముందే కట్టేయండి.