గర్భిణి రక్తంలో తెల్లకణాల లెక్క

తెల్ల రక్తకణాలు పెరిగాయంటే శరీరంలో ఎక్కడో సూక్ష్మజీవులు చేరాయని మనం పాఠాల్లో చదువుకున్నాం. మాట నిజమే. కాని గర్భిణీ స్త్రీ విషయంలో ఈ సూత్రాన్ని ఉన్నదున్నట్టు వర్తింపజేస్తే పొరపాటు పడతాం. అదెలాగో చూద్దాం.

ప్రాక్టికల్ క్లాసులో రక్తాన్ని టర్క్ ద్రవంతో 20 రెట్లు పలుచన చేసి, న్యూబార్ గదిలో నాలుగు మూలల పెద్ద గళ్ళలోని తెల్లకణాలను లెక్కపెట్టి, ఆ మొత్తాన్ని 50తో హెచ్చవేస్తాం. 140 కణాలు కనబడితే ఘనపు మిల్లీమీటరుకు 7,000 అన్నమాట. ఆరోగ్యంగా వున్న పెద్దవాళ్ళలో ఈ సంఖ్య సుమారు 4,000 నుంచి 11,000 వరకు వుంటుంది. ఈనాడు చాలా లాబరేటరీలలో లెక్క యంత్రమే చేస్తోంది. అంకెకు అర్థం చెప్పవలసింది మాత్రం మనిషే.

గర్భిణిలో ఈ సంఖ్య మొదటి నెలల నుంచే పెరుగుతుంది. ఏ జబ్బూ లేకుండానే 15,000 దాకా వుండవచ్చు. పురిటినొప్పులప్పుడు, కాన్పు అయిన వెంటనే 20,000 దాటవచ్చు. ఒక్కొక్కప్పుడు 30,000 కూడా చేరుతుంది. తర్వాత క్రమంగా తగ్గి, కొన్ని వారాల్లో మామూలు స్థితికి వస్తుంది.

ఇందులో ఒక వింత వుంది. గర్భిణిలో ప్లాస్మా 40, 50 శాతం దాకా పెరిగి రక్తం పలుచనవుతుంది. హీమోగ్లోబిన్ సాంద్రత తగ్గడానికి ఇదొక కారణం. ఆ లెక్కన తెల్లకణాలూ పలుచబడాలి గదా! అయినా పెరుగుతున్నాయి. పెరిగేవి ముఖ్యంగా న్యూట్రోఫిల్స్. ఎముకల మూలుగ వీటిని ఎక్కువగా తయారుచేస్తుంది. కార్టిసోల్ హార్మోను పెరగడం వల్ల రక్తనాళాల గోడలను అంటిపెట్టుకున్న కణాలు ప్రవాహంలోకి వస్తాయి. పైగా ఈ కణాలు మామూలుకన్నా ఆలస్యంగా నశిస్తాయి. ప్రసవ శ్రమ వీటికి తోడవుతుంది.

మరి ప్రమాదం ఎక్కడ? రిపోర్టులో అచ్చువేసే హద్దులు సాధారణంగా గర్భం లేనివారివి. అది గమనించకపోతే 13,000 చూసి ఇంటిల్లిపాదీ హడలిపోతారు. అవసరంలేని యాంటీబయాటిక్ మాత్రలు మింగించేవాళ్ళూ వుంటారు. రెండో ప్రమాదం ఇంతకన్నా పెద్దది. "గర్భిణికి ఇది మామూలే" అనుకుని జ్వరాన్నీ, మూత్రంలో మంటనూ, పొత్తికడుపు నొప్పినీ, దుర్వాసనతో కూడిన స్రావాన్నీ లెక్కచేయకపోవడం. బాలింతకు జ్వరం వస్తే అసలే ఉపేక్షించకూడదు. ఆ జాప్యం ప్రాణం మీదికి తేవచ్చు. అంకె హద్దుల్లోనే వున్నా ఈ లక్షణాలుంటే డాక్టరుకు చూపించవలసిందే.

రేపు మన ఇంట్లో అక్కయ్యో వదినో రిపోర్టు తెచ్చి, "సైన్సు చదువుతున్నావు గదా, కాస్త చూడు" అని అడగవచ్చు. అప్పుడు ఎన్నో నెల అని, ఒంట్లో ఎలా వుందని ముందు అడగండి. ఆ తర్వాతే అంకె చూడండి. మందు సంగతి డాక్టరుకు వదిలిపెట్టండి.