ఆటకూ టైంటేబుల్‌లో చోటివ్వు

న్యూరెంబర్గ్

చిరంజీవి చిట్టికి,

డీఎస్సీలో ఎస్జీటీ పోస్టు వచ్చిందనీ, ఒకటి, రెండు తరగతులు నీకే అప్పగించారనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. జర్మనీ బళ్లలో పిల్లలతో ఏమేం చేయిస్తారో రాయమన్నావట. ఇక్కడి ప్రాథమిక బడిలో పనిచేస్తూ చూసినవీ, చేయించినవీ రాస్తున్నాను. అన్నీ మీ ఊళ్లో పనికిరావు. పనికొచ్చేవేవో, ఎందుకో కూడా చెబుతాను.

మా బవేరియా రాష్ట్రంలో బడి సెప్టెంబరు మధ్యలో మొదలై జూలై చివర ముగుస్తుంది. ఒకటో తరగతిలో చేరే రోజున ప్రతి పిల్లా, పిల్లాడూ నడుము దాటేంత ఎత్తున్న ఒక అట్ట పొట్లాన్ని రెండు చేతులా పట్టుకుని వస్తారు. దాన్ని షూల్‌ట్యూటె అంటారు. అందులో మిఠాయిలూ రంగు పెన్సిళ్లూ ఉంటాయి. సుమారు రెండు వందల ఏళ్ల కిందట థురింగియా, సాక్సనీ ప్రాంతాల్లో మొదలై దేశమంతా పాకిన ఆచారమిది. పిల్లల రచయిత ఎరిష్ కేస్ట్నర్ 1906లో డ్రెస్డెన్‌లో బడిలో చేరిన రోజున ఆ పొట్లాన్ని పొరుగావిడకు చూపించబోయి తడబడ్డాడు, మిఠాయిలన్నీ నేలపాలయ్యాయి. 1957లో అచ్చయిన తన చిన్ననాటి కథలో దాన్ని మరిచిపోకుండా రాసుకున్నాడు. మొదటి రోజు పిల్లల మనసులో అంతగా పాతుకుపోతుంది. నువ్వు పొట్లాలు కొనక్కర్లేదు. ఇక్కడ పై తరగతి పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో కొత్త పిల్లకు తోడుగా ఉంటారు. మంచినీళ్లెక్కడో, బాత్రూమెక్కడో చూపిస్తారు, ఆటల్లో కలుపుకుంటారు. జూన్‌లో బడి తెరిచిన రోజే మీ నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు ఆ పని అప్పగించు. ఏడుపులు సగం తగ్గుతాయి.

ఇక వారం వారం చేసేవి. ఇవే అసలైనవి. మా తరగతిలో ఒక గుడ్డబొమ్మ ఉంటుంది. శుక్రవారం ఒకరి ఇంటికి వెళ్లి సోమవారం తిరిగొస్తుంది, దాని వెంట ఒక నోటుబుక్కూ వెళుతుంది. బొమ్మ ఆ రెండు రోజులూ ఏం చేసిందో పిల్లలు అందులో రాయాలి, రాయడం రానివాళ్లు బొమ్మ గీయాలి. సోమవారం అందరూ గుండ్రంగా కూర్చున్నాక దాన్ని చదివి వినిపిస్తారు. మీ ఊళ్లో ఆ బొమ్మ పొలానికి వెళుతుంది, తిరణాలకు వెళుతుంది, నాయనమ్మ పక్కన పడుకుంటుంది. ఏడాది చివరికి ఆ నోటుబుక్కే మీ తరగతి రాసుకున్న వాచకమవుతుంది. రెండు నియమాలు మాత్రం తప్పనివ్వకు. హాజరుపట్టీ వరసలోనే బొమ్మ వెళ్లాలి, పెద్దవాళ్లు కలం పట్టుకోకూడదు.

రెండోది పరుగు డిక్టేషన్. నాలుగు వాక్యాలు రాసిన కాగితం వరండాలో గోడకు అంటిస్తాం. పిల్లలు లేచి వెళ్లి చదివి, గుర్తున్నంత మోసుకొచ్చి తమ చోట కూర్చుని రాస్తారు. మళ్లీ వెళతారు. చివర తామే సరిచూసుకుంటారు. అక్షరం అక్షరం మోసుకొస్తే కాళ్లు నొప్పెడతాయి గనక మాటను మొత్తంగా పట్టుకోవడం అలవాటవుతుంది. మన ఒత్తులకూ గుణింతాలకూ ఇంతకంటే మంచి మందు నాకు తెలియదు. లెక్కలకు చింతపిక్కలూ వామనగుంటల పీటా ఉండనే ఉన్నాయి.

ఏడాదికోసారి వచ్చే వేడుకల్లో మా పిల్లలకు ఇష్టమైనది నవంబరు 11న వచ్చే మార్టిన్ పండగ. నాలుగో శతాబ్దపు రోమన్ సైనికుడు మార్టిన్ చలికి వణుకుతున్న బిచ్చగాడికి తన అంగీని కత్తితో చీల్చి సగమిచ్చాడని కథ. పిల్లలు తామే కాగితపు లాంతర్లు చేసుకుని, చీకటి పడ్డాక పాడుకుంటూ ఊరేగుతారు. ఆ కథను నాటకం వేయిస్తే మార్టిన్ వేషానికంటే గుర్రం వేషానికే పోటీ ఎక్కువ. డిసెంబరులో క్రిస్మస్ దాకా రోజుకో సంచి చొప్పున 24 చిన్న సంచులు తాడుకు వేలాడతాయి. కొన్నిట్లో మిఠాయికి బదులు చీటీ ఉంటుంది: 'ఈరోజు నీకు హోంవర్కు లేదు', 'ఈ పీరియడ్ టీచరు కుర్చీ నీదే'. కుర్చీ చీటీకే గిరాకీ. వసంతంలో గొంగళిపురుగుల్ని వలబుట్టలో పెంచి, సీతాకోకచిలుకలయ్యాక వదిలేస్తాం. మీకు కొనే పనే లేదు. నిమ్మచెట్టు మీదా కరివేపాకు మీదా ఆ పురుగులు దొరుకుతాయి. గాలాడే డబ్బాలో ఉంచి, రోజూ లేత ఆకులు వేయించు. పలక మీద రోజుకో బొమ్మ గీయించు. జూలై చివరి రోజున కొన్ని బళ్లలో నాలుగో తరగతి పిల్లల్ని టీచర్లే చేతులూ కాళ్లూ పట్టుకుని ఊపి, గుమ్మం బయట పరిచిన మెత్తటి పరుపుల మీదికి విసిరేస్తారు. బడి నుంచి వీడ్కోలన్నమాట!

ఇక్కడంతా బంగారమనుకోకు. 1951 నుంచీ దేశమంతటా బళ్లలో ఆటల పోటీలు జరుగుతున్నాయి. సెంటీమీటర్లూ సెకన్లూ కొలిచి పత్రాలిచ్చేవారు. గెలిచేవాళ్లకు పండగ, ఏటా వెనకబడేవాళ్లకు అందరి ముందూ అవమానం. 2015లో ఒక తల్లి వీటిని రద్దు చేయాలని సంతకాలు సేకరిస్తే పెద్ద చర్చ జరిగింది. 2023-24లో ప్రాథమిక తరగతుల్లో ఆ కొలతల పద్ధతి తీసేశారు. ఆ మార్పును తిట్టినవాళ్లూ తక్కువేం కాదు. పైగా బవేరియాలో నాలుగో తరగతి మే నెలలో మూడు సబ్జెక్టుల సగటు 2.33 గానీ అంతకంటే మెరుగ్గా గానీ ఉంటేనే గిమ్నాజియం అనే పై బడికి నేరుగా దారి. ఇక్కడ 1 అంటే అన్నిటికంటే మంచి మార్కు. పదేళ్ల పిల్లల మీద ఆ బరువు పడగానే ఆటలు వెనక్కి పోతాయి. ఒకటీ రెండూ తరగతులు నీ చేతిలో ఉన్నాయంటే ఆ బరువింకా పడని పిల్లలున్నారన్నమాట. ఆ కాలాన్ని వృథా కానివ్వకు.

ఫొటోల గురించి ఒక మాట. ఇక్కడ తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి లేకుండా పిల్లల ఫొటో ఎక్కడా పెట్టకూడదు. మీకు విద్యాశాఖ యాప్‌లో పెట్టక తప్పనివి ఉంటాయి, అవి పెట్టు. ఫొటో కోసమే ఆట మాత్రం ఆడించకు. కెమెరా చూడగానే చురుకైన నలుగురు ముందుకొస్తారు, మిగతావాళ్లు గోడవారకు పోతారు.

'పాఠం మానేసి ఆటలాడిస్తోంది' అనేవాళ్లు తప్పక ఉంటారు. కిండర్‌గార్టెన్‌కు ఆ పేరు పెట్టి నడిపిన ఫ్రోబెల్ దేశంలోనే ప్రష్యా ప్రభుత్వం 1851లో ఆ బళ్లను నిషేధించింది, 1860 దాకా ఎత్తేయలేదు. గిజూభాయి 'పగటి కల'లో లక్ష్మీరామ్ మాస్టారికీ అవే మాటలు పడ్డాయి. నాలుగో తరగతిని ఒక్క ఏడాది చేతికి తీసుకుని కథలతో మొదలుపెట్టిన మాస్టారాయన. చేరేలోపు ఆ పుస్తకమూ, 'రైలుబడి' కూడా చదువు. విమర్శకులతో వాదించకు. పిల్లల నోటుబుక్కు తెరిచి చూపించు, వాళ్లచేతే చదివించు.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టొద్దు. ఒక్కటి ఎంచుకుని, దానికి వారంలో ఒక రోజూ ఒక పీరియడూ కేటాయించి టైంటేబుల్లో రాసెయ్. ఏడాదికోసారి వచ్చే పెద్ద హంగామా కంటే వారం వారం తప్పకుండా వచ్చే చిన్న ఆటే పిల్లలకు గుర్తుంటుంది. అందులో ప్రతి ఒక్కరికీ వంతు రావాలి. 'టీచర్, ఈరోజు ఉందా?' అని వాళ్లు అడిగేదాన్ని నిలబెట్టుకో. అడగనిదాన్ని మొహమాటం లేకుండా వదిలెయ్. దసరా సెలవుల్లో, ఏది నిలిచిందో నాకు రాయి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ